అంకె మారకుండానే అబద్ధం

పాత వస్తువును బాగుచేసేటప్పుడు ఎంతవరకు కొత్త చేయవచ్చు? ఈ ప్రశ్న గుళ్ళకూ తాళపత్రాలకూ మాత్రమే చెందినదనుకుంటాం. పాత కారులోని మీటరు ముఖం చూస్తే అది ఇంకా సూటిగా ఎదురవుతుంది.

ఇంగ్లండులో తయారై మన దేశానికి వచ్చిన మారిస్ మైనర్, ఆస్టిన్ వంటి బండ్ల స్పీడోమీటరు ముఖం ఒక పల్చటి రేకు. రేకు మీద రంగు, రంగు మీద అంకెలు, గీతలు. ఏళ్ళ తరబడి ఎండకు రంగు పొరలు లేచి అంకెలు వెలిసిపోతాయి. బాగుచేసేవాడు అద్దం విప్పి, ముల్లు ఎక్కడ నిలిచిందో గుర్తుపెట్టుకుని, దాన్ని మెల్లగా లాగి, మిగిలిన గీతల కొలత తీసుకుంటాడు. తరువాత సన్నటి కుంచెతో దిద్దవచ్చు. మెత్తటి సిలికాన్ దిండుతో సిరా అద్దవచ్చు. గడియారాల ముఖాలకూ వాడే పద్ధతే ఇది. 1980ల నుంచి గడియారాలూ లారీలూ చేస్తున్న హోసూరుకు ఇది వింత పని కాదు.

చేతి నేర్పు కన్నా కష్టమైనది, ఏది దిద్దాలో ఏది దిద్దకూడదో తేల్చుకోవడం.

బ్యాంకు లెడ్జరులో తప్పు పడితే గీకి దిద్దకూడదు. ఒక గీత కొట్టి, పైన సరైన అంకె వేసి, పక్కన పొడి సంతకం చేయాలి. పాత అంకె కనబడుతూనే ఉండాలి. మీటరు దిద్దేవాడి నేర్పంతా తన చేయి కనబడకపోవడంలోనే ఉంది. అలాగైతే అతడు చేసేది ఫోర్జరీయా? కాదంటాను. లెడ్జరు అంకె జరిగినదానికి సాక్ష్యం. మీటరు మీది 60 జరిగినదేదీ చెప్పదు. ముల్లు ఇక్కడికి వస్తే వేగం ఇంత అని మాట ఇస్తుంది. ఆ మాట నిలబడేలా దిద్దడం తప్పు కాదు. అందుకే గీత అందంగా ఉంటే చాలదు, ముల్లుతో సరిపోవాలి.

కాని అదే ముఖంలో ఒక చిన్న కిటికీ ఉంటుంది. దాని వెనక బండి ఎంత తిరిగిందో లెక్కబెట్టే చక్రాలుంటాయి. అది లెడ్జరే. అక్కడ ఎవరూ చేయి పెట్టకూడదని అందరూ ఒప్పుకుంటారు. చిక్కేమిటంటే, చక్రాలను ముట్టకుండానే ఆ లెక్కను తారుమారు చేయవచ్చు.

మైళ్ళ మీటరును కిలోమీటర్లలోకి మార్చమని యజమాని అడిగాడనుకుందాం. కోరిక న్యాయమే, మన రోడ్ల మీది రాళ్ళు కిలోమీటర్లలోనే ఉన్నాయి. మైలుకు 1.609 కిలోమీటర్లు. 60 ఉన్నచోట దాదాపు 97 వచ్చేలా గీతలన్నీ మళ్ళీ లెక్కగట్టి వేస్తే వేగం నిజమే చెబుతుంది. కాని లోపలి పళ్ళచక్రాలు మార్చనిదే కిటికీ మైళ్ళే లెక్కబెడుతుంది. అక్కడ ‘మైళ్ళు’ తుడిచి ‘కి.మీ.’ అని రాస్తే? 70,000 మైళ్ళు తిరిగిన బండి 70,000 కిలోమీటర్ల బండి అవుతుంది. 42,000 కిలోమీటర్లకు పైగా ప్రయాణం మాయం. ఒక్క అంకె మారలేదు. డాలర్ల ఖాతాకు రూపాయల గుర్తు పెట్టినట్టు.

‘అమ్మే ఉద్దేశం లేదు కదా, ఎవరికి నష్టం?’ అనవచ్చు. బాగుచేసిన బండి మనకన్నా ఎక్కువ కాలం బతకవచ్చు. ఆ కిటికీని రేపు చదివేవాడికి మన ఉద్దేశం తెలియదు.

మెట్రిక్ కొలతలకు చట్టం వచ్చింది 1956లో. భాషల ప్రకారం రాష్ట్రాలు ఏర్పడిందీ ఆ ఏడే. హోసూరు మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. సేలం జిల్లా పోయి 1965లో ధర్మపురి, 2004లో కృష్ణగిరి వచ్చాయి. ఇల్లు కదలలేదు, బోర్డు మారింది. అయినా తాతగారి దస్తావేజులో ‘సేలం’ ఉన్నచోట ‘కృష్ణగిరి’ అని ఎవరూ దిద్దరు. కొత్త కాగితంలో కొత్త పేరు రాస్తారు, పాతదాన్ని పాతగానే దాస్తారు. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడుకునే మనకు ఈ తేడా తెలియనిది కాదు. కొత్త కొలతలో బతకడం తప్పు కాదు. పాత ప్రయాణం కూడా ఆ కొలతలోనే సాగిందని రాసుకోవడం తప్పు.

కాబట్టి ముఖం దిద్దండి, లెక్కను వదిలేయండి, దాని కొలతను తుడవకండి. రేకు వెనకవైపు తేదీ, దిద్దిన వివరం, విప్పినప్పుడు కిటికీలో ఉన్న అంకె, అది మైళ్ళో కిలోమీటర్లో రాసి, పొడి సంతకం చేయండి. నడిపేవాడికి అది కనబడదు. మళ్ళీ విప్పేవాడికి కనబడుతుంది. చూడవలసినవాడు అతడే.