నూటొక్క కుర్చీలు

ఢిల్లీ నుంచి వచ్చిన స్నేహితురాళ్ళిద్దరికీ ఫలక్‌నుమా చూపించాను. 1884లో పైగా ప్రభువు వికారుల్ ఉమ్రా పునాది వేయించిన మహలు. తర్వాత ఆరో నిజాం చేతికి వెళ్ళింది, 2010లో తాజ్ హోటలయింది. 101 మంది కూర్చునే భోజనాల బల్ల దగ్గర ముగ్గురం ఆగిపోయాం. కుర్చీల లెక్క నేను గడగడా చెప్పాను. అన్ని ఎంగిలి కంచాలు తోమిందెవరో అడగాలని మాత్రం తట్టలేదు.

తట్టాల్సింది. కరీంనగర్ పక్క పల్లెలో మా అమ్మమ్మ చిన్ననాడు దొర గడీలో వెట్టికి వడ్లు దంచింది. గడీ కూలిపోయాక కూడా "ఆ గోడ జూస్తె నడుం నొస్తది బిడ్డా" అనేది. అదీ నిజాం రాజ్యమే. అడవి మీద హక్కడిగిన కొమురం భీంని 1940లో ఆదిలాబాద్ జోడేఘాట్‌లో చంపిన రాజ్యం. మరి ఆ పాలరాతి మెట్లు నాకు నచ్చడం తప్పా?

"అందం ఏం చేసింది? కట్టిన చేతులూ అందులో ఉన్నాయిగా" అంది స్నేహితురాలు.

ఉన్నాయి, పేర్లే లేవు. అలాగని నేను చూడటం మానేస్తే ఆ చేతులకి ఒరిగేదీ లేదు. డబ్బు కట్టి టీ తాగుతూ పశ్చాత్తాపపడటం కూడా ఒక విలాసమేనేమో! (పిహెచ్‌డి చేసినవాళ్ళకి ఇది మరీ సులువు.)

మర్నాడు మా ఊళ్ళో ఆమె అమ్మమ్మ రోలు ఫోటో తీయబోయింది. అమ్మ రోకలి తెచ్చి చేతికిచ్చింది.

"ఫోటో తర్వాత తీద్దువుగాని బిడ్డా, ముందుగాల నాలుగు పోట్లెయ్యి."