స్మృతి పోయినను మనిషి

కృష్ణాతీరమున విజయవాడలో ఒక వృద్ధుడు కన్నకుమారుని "ఎవరవయ్యా నీవు?" అని అడిగెననుకొందము. స్మృతి పోయినవాడు మనిషి కాకపోవునా?

1906లో జర్మన్ వైద్యుడు ఆల్జీమర్ వెల్లడించిన ఈ వ్యాధిని నయము చేయు మందు నేటికిని లేదు. 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్ వ్యాధి గమనమును కొంత మందగింపజేయును గాని, పోయిన జ్ఞాపకమును తేజాలదు. హైదరాబాదు సువెన్ సంస్థవారి మాసుపిర్డిన్ 2019 నాటి పరీక్షలో జ్ఞాపకశక్తిని మెరుగుపరుపలేక విఫలమైనది. పరిశోధకులు ఆ ఫలితములనే మరల శోధించి, కొందరు రోగులలో ఉద్రేకము తగ్గిన జాడను చూచి, నూతన పరీక్ష ఆరంభించిరి.

స్మృతి మరలకున్నను వేదన తగ్గవచ్చును. వేదన పడు మనసున్నచోట మనిషి యున్నాడు. మందు వచ్చువరకు సేవ ఆగరాదు. తండ్రికి వేళకు అన్నము పెట్టుట, చేయిపట్టి నడిపించుట కాయకము. ఆయన గుర్తింపును కోరకుండుట దాసోహము.