లైసెన్సు వచ్చిన తరువాత



ఇటీవల మన యౌవనస్థుల కూడికలో ఒక కుర్రవాడు ఒక ప్రశ్న వేశాడు. అతనికి పద్దెనిమిది నిండి కొద్ది నెలలే అయినది. మోటారు సైకిలు లైసెన్సు చేతికి వచ్చినది. అయినా చీకటి పడిన తరువాత బండి తీయవద్దనీ, స్నేహితులను వెనుక ఎక్కించుకొనవద్దనీ ఇంట్లో ఆంక్ష పెట్టారు. "పరీక్షలో నెగ్గితేనే గదా లైసెన్సు ఇచ్చారు. నేను ఎవరినీ గుద్దలేదు, ఒక్క చలానా కూడా పడలేదు. ఎవరో చేసిన తప్పుకు నాకెందుకు శిక్ష?" అని అడిగాడు. పెద్దలమైన మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. పెద్దల మాట వినాలి అని తప్పించుకొనుట సులువే గాని, అది జవాబు కాదు. కావున ఆ ప్రశ్ననే మీ అందరి ముందు ఉంచుతున్నాము.

ముందుగా అతని మాటలోని న్యాయమును ఒప్పుకొందాము. మన తాతలు పని వెదుక్కొంటూ పరాయి ఊళ్లకు వచ్చినప్పుడు, వీళ్లంతా ఇట్లాంటివాళ్లే అన్న మాటను ఎన్నిసార్లు భరించారో మనకు తెలుసు. మనిషిని చూడక అతని గుంపును చూచి తీర్పు తీర్చుట ఎంత బాధాకరమో తెలిసిన మనము, ఆ కుర్రవాని బాధను తేలికగా త్రోసివేయరాదు.

అయితే ఇటువంటి ఆంక్షలను కొన్ని దేశములు చట్టముగానే చేశాయి. న్యూజిలాండులో 1987లో మెట్టు మెట్టుగా లైసెన్సు ఇచ్చే పద్ధతి వచ్చినది. మొదట అనుభవమున్నవారు ప్రక్కన ఉండగా నడపాలి. తరువాత ఒంటరిగా నడపవచ్చును గాని, రాత్రి పది నుండి తెల్లవారుజామున ఐదు వరకు ఒంటరిగా బయలుదేరరాదు, ఇతరులను ఎక్కించుకొనుటకు కూడ హద్దు ఉన్నది. పూర్తి లైసెన్సు ఆ పిమ్మటనే. అమెరికాలోని కాలిఫోర్నియాలో పద్దెనిమిది నిండనివారు లైసెన్సు వచ్చిన మొదటి పన్నెండు నెలలు రాత్రి పదకొండు నుండి ఐదు వరకు ఒంటరిగా కారు నడపరాదు. ఇరవై ఐదేండ్లు నిండిన లైసెన్సుదారుడు ప్రక్కన లేనిదే, ఇరవై ఏండ్ల లోపువారిని ఎక్కించుకొనరాదు. వైద్యము, బడి, ఉద్యోగము వంటి నిజమైన అవసరమునకు సంతకము చేసిన ఉత్తరముతో మినహాయింపు కూడ ఉన్నది.

రాత్రివేళ, స్నేహితుల గుంపు, మొదటి నెలలు: హద్దులు ఈ మూడింటి చుట్టూనే ఎందుకు? లైసెన్సు పరీక్ష చేతిని, కాలిని పరీక్షిస్తుంది. కంటిని పరీక్షించదు. ఆగియున్న లారీ వెనుక నుండి పిల్ల పరుగెత్తి రావచ్చునని, ముందున్న ట్రాక్టరుకు వెనుక దీపము ఉండకపోవచ్చునని ఊహించే కన్ను రోడ్డు మీద తిరిగిన కొలదియే వస్తుంది. అందుకే ఒంటరిగా నడపసాగిన మొదటి నెలలలో ప్రమాదములు ఎక్కువ. ఈడువారు ప్రక్కనుంటే ఆ ప్రమాదము ఇంకా పెరుగుతుంది. ఇది అతని గుణము మీద తీర్పు కాదు. మనలో గనులలో పని చేసిన కుటుంబములు అనేకము ఉన్నవి. గనిలోకి దిగిన కొత్తవానికి మొదటి రోజే తూటా పేల్చే పని ఎవరైనా అప్పగించారా? కొంతకాలము అనుభవజ్ఞుని ప్రక్కన నిలబడవలసినదే. దానిని శిక్ష అని ఎవరూ అనలేదు.

శిక్ష జరిగిపోయిన తప్పును చూస్తుంది. హద్దు ఇంకా ఎదురుపడని మనిషిని చూస్తుంది. 2024 మే 19 తెల్లవారుజామున పుణేలో ఒక కారు మోటారు సైకిలును ఢీకొని ఇద్దరు యువ ఇంజనీర్లు చనిపోయారు. కారు నడిపినది పదిహేడేండ్లవాడని పోలీసులు చెప్పారు. బెయిలు షరతులలో రోడ్డు ప్రమాదములపై 300 మాటల వ్యాసము వ్రాయమన్నది ఒకటి కాగా దేశమంతా మండిపడినది. కోపము న్యాయమే. గాని మూడు వందల మాటలైనా, ముప్పది ఏండ్ల జైలైనా ఆ ఇద్దరు తల్లుల ఇంటికి ఎవరిని తిరిగి తెస్తుంది?

మన దేశపు 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము పద్దెనిమిది నిండాలి. పదహారు నిండినవారు 50 సీసీకి మించని బండిని మాత్రమే, అదియు తండ్రి లేక సంరక్షకుని వ్రాతపూర్వక సమ్మతితో లైసెన్సు పొంది నడపవచ్చును. పదవ తరగతి పాసైన పిల్లలకు మనము కొనిపెట్టే 110 సీసీ స్కూటర్లు ఇందులోకి రావు. 2019 సవరణ తరువాత, మైనరు బండి నడిపి నేరము చేస్తే సంరక్షకునికి లేక బండి యజమానికి మూడేండ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చును. ఆ పిల్లవానికి ఇరవై ఐదేండ్లు వచ్చేవరకు లైసెన్సు రాదు. కొత్త ఇంటి మిద్దెకు పిట్టగోడ కట్టించాలన్న ద్వితీయోపదేశకాండపు విధి మనకు తెలిసినదే. పడినవాడు చూచుకొనవలసినదని ఇంటివాడు తప్పించుకొనలేడు.

అయితే మన చట్టములో ఒక ఖాళీ ఉన్నది. పద్దెనిమిది నిండి పరీక్ష నెగ్గినవాడు ఆ రాత్రే పెద్ద మోటారు సైకిలు మీద ఒకరిని ఎక్కించుకొని జాతీయ రహదారి ఎక్కవచ్చును. మెట్లు లేవు. ఆ మెట్లను కట్టవలసినది ఇల్లే, సంఘమే.

ఇక్కడ మేము మా తప్పు ఒప్పుకొనాలి. డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిసిన తరువాత, అర్ధరాత్రి దాటాక, "బాబూ, మామ్మగారిని కాస్త ఇంటి దగ్గర దింపి రా" అని ఆ కొత్త లైసెన్సు కుర్రవానికే చెప్పినది మేమే. ఇద్దరిని కలిపి ఎక్కించినది, వాళ్ల తలలపై హెల్మెట్టు ఉన్నదో లేదో చూడనిది మేమే. ఇంట్లో వద్దన్న దానిని సంఘము పేరిట చేయించాము. దేవుని దయవలన ఏమీ జరగలేదు. ఏమీ జరగలేదు గనుక మేము చేసినది మంచిదైపోదు.

కావున ఆ తమ్మునికి మా జవాబు ఇది. నీవు నేరస్థుడవు కావు. నీకు పెట్టిన హద్దు శిక్ష కాదు. గాని దానిని శిక్ష కాకుండ ఉంచే బాధ్యత నీ పెద్దలది. ఆ హద్దు ఎప్పుడు ముగుస్తుందో వారు ముందే చెప్పాలి. ముగింపు లేని హద్దు అపనమ్మకమే. తేదీ ఉన్న హద్దు పని నేర్పే కాలము. తండ్రులారా, ఒక సంవత్సరము అని కూర్చొని మాట్లాడుకొనండి. నిజమైన అవసరము వస్తే సడలించండి. మీరు కూడ హెల్మెట్టు లేక బండి తీయకండి. గడువు తీరిన రోజున తాళమును మాట తప్పక చేతికి ఇవ్వండి.

ఈ సంవత్సరాంతపు ఆరాధనకు ముందే, వృద్ధులను ఇండ్లకు చేర్చుటకు ఆటోలను మాట్లాడిపెట్టాలని మేము నిర్ణయించుకొన్నాము. ఖర్చు కొంత అవుతుంది. మీ సంఘములలో కూడ ఈ సంగతి ఆలోచించగలరని కోరుచున్నాము.