సిస్టంల రాలే

మాది ముప్కాల్. మా అవ్వ చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టింది, పసుపు చేన్లల్ల కూలికి పోయింది. ఆమె వేలిముద్ర మిషన్‌ల పడదు. ఆకు కత్తిరించి, తంబాకు నింపి, దారం బిగించిన వేళ్ల మీద గీతలు మిగలవు. రేషన్ కాడ వేలు పెడతది, పడదు. కొంగుకు తుడుచుకొని ఇంకో వేలు పెడతది. అదీ పడకపోతే ‘సిస్టంల రాలే’ అంటరు. పని చేసి అరిగిన వేలే ఆమెను ఆమె కాదంటది. ఈ మాట నన్ను చానా రోజులుగా సతాయిస్తున్నది. సిస్టంల రాలే అంటే ఎవరు రానియ్యలే?

సదువుకున్న దోస్తులు, అండ్ల మనోళ్లు గూడ, మిషన్‌కు కులం లేదంటరు. నేను దీన్ని తేలిగ్గా కొట్టేయను. మా ఇంట్ల మొదటి డిగ్రీ నాది. నా స్కాలర్‌షిప్ నేరుగా బ్యాంకు ఖాతాల పడ్డది. ఏ గుమాస్తా ముంగట చేతులు కట్టుకొని నిలబడే పని లేకపోయింది. దోసిట్ల పైనుంచి నీళ్లు పోసినట్టు ఆ పైసలు ఎవరూ పొయ్యలేదు. అది చిన్న సంగతి కాదు. మా నాయినకు ఆ సుఖం తెల్వది.

అయితే మిషన్ తన కండ్లతోటి చూడదు. ఎవరో రాసిన కాగితాలతోటి చూస్తది. మా కాగితాలు రాసినోళ్లు ఎవరు? 1984ల పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయ్యేదాక ఊరి లెక్కలన్నీ వాళ్ల దస్త్రాలల్లనే ఉన్నయి. వాళ్ల నోట్ల మేము గంగడు, పోశిగాడు, సాయిగాడు. నోట్లె వచ్చిందే కాగితమెక్కింది. మా నాయిన ఒకదాంట్ల గంగారాం, ఒకదాంట్ల గంగడు, ఇంకోదాంట్ల గంగయ్య. అసలే నిజామాబాద్ పల్లెలల్ల ఏ మాదిగవాడకు పోయి గంగారాం అని పిలిచినా నలుగురు పలుకుతరు. గోదారి పేరు, పోశమ్మ పేరు పెట్టుకునేటోళ్లం మరి. నాలుగు పేర్లున్న మనిషి ఒకడు, ఒకే పేరున్న మనుషులు నలుగురు. ఈ గుట్టు మా వాడల చిన్నపిల్లకు తెలుసు, కంప్యూటర్‌కు తెల్వదు.

తెల్వకుంటే ఏమయితదో తెలంగాణల చూసినం. సమగ్ర వేదిక అని ప్రభుత్వం ఒక వ్యవస్థ పెట్టింది. వేరువేరు శాఖల దగ్గరున్న వివరాలను పేరు, చిరునామా పట్టుకొని జత చేసి, వీడూ వాడూ ఒకడేనని అది తేలుస్తది. కారుందా, ఇల్లుందా, అట్లయితే బియ్యానికి పనికిరాడు అంటది. హైదరాబాదుల రిక్షా తొక్కి బతికిన ఒకాయనను పేరు దగ్గర దగ్గరగా ఉందని కారున్న ఇంకొకాయనతోటి కలిపేసింది. ఆ ఇంటికి బియ్యం బందైన సంగతి 2024ల పత్రికలకెక్కింది. 2014 నుంచి 2019 దాక రాష్ట్రంల దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయినయి. అన్నిటికీ కారణం ఈ వేదికే అనను. కాని రద్దయిన కార్డులను ఇంటింటికి పోయి మళ్లీ చూడుమని 2022ల సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. సగం దరఖాస్తులు గూడ చూడకముందే 15 వేలకు పైగా అర్హులు బయటపడ్డరు. ఇన్నేండ్లు తినని బియ్యం వాళ్లకు ఎవరియ్యాలె? ఆ తప్పు ఎవరి లెక్కల రాయాలె?

నా ప్రశ్నంతా ఇక్కడనే ఉన్నది. అంబేద్కర్ 1936ల ‘కుల నిర్మూలన’ల నియమాన్ని, సూత్రాన్ని వేరుచేసి చూపిండు. నియమం ఇది చెయ్యి, అది చెయ్యొద్దు అని చెప్తది. సూత్రం ఏది న్యాయమో ఆలోచించుకోమంటది. నియమాన్ని పట్టుకొని నడిచేటోడు తను చేసిందానికి తను బాధ్యుడు కాడు, అట్ల బాధ్యత లేని పని ధర్మం కాదు అన్నది ఆయన వాదం. కులం అట్లనే బతికింది కద! మా తాతను గుడి బయట నిలబెట్టినోడు నేను నిలబెట్టిన అనలేదు, ఆచారం అన్నడు. ఇయ్యాల సిస్టం అంటున్నరు. ఆచారానికి ముఖం లేదు, సిస్టంకూ లేదు. పట్వారీ దుర్మార్గుడే. నేను ఆయన కోసం ఏడ్వను. అయినా ఆయనకు ఒక ఇల్లుండేది, సంఘం పెట్టుకొని ఆ గడప ముంగట కూసుండవచ్చు. ఏ ఆఫీసు ముంగట కూసుంటే మిషన్ జవాబు చెప్తది?

అట్లని లెక్కలే వద్దు అంటే మన కాళ్లు మనమే నరుక్కున్నట్టు. 1994ల దండోరా లేచింది లెక్క మీదనే: ఎస్సీల వాటాల ఎవరికెంత దక్కింది? ముప్పయి ఏండ్ల కొట్లాట తర్వాత, 2025 ఏప్రిల్ 14న, తెలంగాణల 59 ఎస్సీ కులాలను మూడు గుంపులు చేసిండ్రు. లెక్క మన చేతుల ఉంటే వాటా అయితది, వాళ్ల చేతులనే ఉంటే ఏరివేత అయితది. అందుకే నన్ను నేను ఏ వివరంతోటి ఏరేసిండ్రు, ఆ వివరం ఎక్కడిది, దాన్ని దిద్దేటోడు ఎవరు అని అడిగే హక్కు కావాలంటున్న. జవాబు కాగితం మీద, తెలుగుల, ఒక మనిషి సంతకంతోటి రావాలె. దిద్దేదాక బియ్యం ఆపొద్దు.

2024 నవంబర్‌ల కులసర్వేకు మా టీచర్లనే ఇండ్లకు పంపిండ్రు. నాకు పెద్దమ్మ వరసయ్యే ఒకామె ఫారం చూసి, ‘బిడ్డా, పోయినసారి గూడ గిట్లనే అన్నీ రాసుకపోయిండ్రు. ఇది రాస్తే వచ్చేదుంటదా, ఉన్నది పోతదా?’ అన్నది. 2014 ఆగస్టు 19 సర్వే ఆమెకు యాదికున్నది. ఆధార్‌ల ఆమె వయసు 54, పింఛనుకు 57 ఉండాలె. నెహ్రూ పోచంపాడు కట్టకు పునాదిరాయి ఏసిన ఏడు తనకు నడక వచ్చిందని వాళ్లవ్వ చెప్పేదట. అంటే 1963. ‘అండ్ల ఉన్నది రాస్తవా, నేను చెప్పింది రాస్తవా?’ అని నా పెన్ను దిక్కే చూసింది. నేను 62 అని రాసిన. ‘ఏం రాసినవో సదువు’ అన్నది. పేరు కాడి నుంచి మొదలుపెట్టి అన్నీ సదివి ఇనిపిచ్చిన.