పూలతోటలోని నత్త - అహింసా ధర్మము

భగవదారాధనకై పూలమొక్కలను పెంచుట గొప్ప కైంకర్యమని మన పెద్దలు భావించిరి. శ్రీ రామానుజాచార్యుల వారి ఆజ్ఞను శిరసావహించి అనంతాళ్వారు తిరుమల చేరి, పూలతోట వేసి, స్వామికి మాలలు సమర్పించుచు జీవితము గడిపిరి. అట్టి తోటలను నేడును ఆలయములలోను, ఇండ్ల పెరడులలోను భక్తులు పెంచుచున్నారు. అయితే వానకాలము రాగానే తోటమాలికి ఒక ధర్మసందేహము ఎదురగును. గుల్ల గలవియు, గుల్ల లేనివియు నగు నత్తలు రాత్రివేళ బయలుదేరి బంతి నారును, చామంతి చిగుళ్లను కొరికివేయును. పూజకై పెంచిన మొక్కను కాపాడుటకు మరియొక ప్రాణిని చంపవచ్చునా? చంపి కోసిన పూవు స్వామి పాదములకు తగునా?

స్వామికి అర్పింపదగిన ఎనిమిది భావపుష్పములలో అహింసయే మొదటిదని మన సంప్రదాయము చెప్పుచున్నది. దానిని బట్టి నత్తలను తాకనే కూడదని కొందరందురు. మరికొందరు వాటిని ఏరి గోడ అవతలకు విసరి, పాపము తమకు అంటలేదని తృప్తిపడుదురు. ఈ రెండును విచారింపదగినవి.

నేడు తోటలను మిక్కిలి పీడించు పెద్ద నత్త ఈ దేశపు ప్రాణి కాదు. తూర్పు ఆఫ్రికా దాని పుట్టినచోటు. బెన్సన్ అను నత్తల పరిశోధకుడు 1847లో దానిని మారిషస్ నుండి కలకత్తాకు తేగా, అచ్చటినుండి క్రమముగా దేశమున వ్యాపించినది. ఒక్కొక్క నత్తలో స్త్రీ పురుష లక్షణములు రెండును ఉండును. ఒక్క విడతలోనే అది వందకు పైగా గ్రుడ్లు పెట్టగలదు. ఎండకాలమున గుల్ల మూసికొని నెలల తరబడి నిద్రించి, తొలకరికి మేల్కొనును. కావున దానిని తాకక విడిచినచో నష్టము ఒక్క తోటతో ఆగదు. ప్రక్క రైతు బొప్పాయి తోటకును, కూరగాయల మడికిని ప్రాకును. గోడ అవతలకు విసరుట అంతకంటెను తప్పు. అది హింసను మానుట కాదు, పొరుగువాని నెత్తిన పెట్టుట.

అనంతాళ్వారును గూర్చియే ఒక గాథ ప్రచారములో నున్నది. వారు కొండ దిగి చాల దూరము పోయిన పిదప ప్రసాదపు మూటలో చీమలు కనబడెనట. కొండపై నివసింపగోరి పుట్టిన జీవులేమో యని, వెనుకకు మరలి వాటిని కొండపైననే విడిచిరట. ఇచ్చట గమనింపవలసినది వారి దయ మాత్రమే కాదు. ఆ దయకై వారు నడచిన దారిని కూడ గమనింపవలెను. గోడ మీదుగా విసరువానికి ఒక్క అడుగు శ్రమయు లేదు.

తోటమాలికి విధింపబడిన శ్రమ ఇట్టిదే. మొదట నత్తకు తావు లేకుండ చేయవలెను. నీరు సాయంకాలము గాక ఉదయమున పెట్టినచో రాత్రికి నేల పైభాగము ఆరును. రాలిన ఆకులను, కుండపెంకులను తొలగింపవలెను. తడిపిన గోనెపట్టా క్రింద బొప్పాయి ఆకులు పరచినచో నత్తలు అచ్చట చేరును. తెల్లవారుజామున ఏరుట సులభము. మనుష్యుని మెదడు పొరలకు వ్యాధి కలిగించు సూక్ష్మమైన పురుగు వీటిలో ఉండవచ్చును గనుక వట్టి చేతితో ముట్టరాదు. మట్టిలోని గ్రుడ్లను వెదకి పొదుగక మునుపే తీసివేసినచో, పిదప చంపవలసిన ప్రాణుల సంఖ్య ఎంతయో తగ్గును.

ఇంత చేసినను కొన్నిటిని చంపక తప్పదు. మహాభారతమున అరణ్యపర్వములో ధర్మవ్యాధుడు కౌశికునకు చేసిన బోధ ఇచ్చట ఉపకరించును. నాగలి దున్నునపుడు నేలలోని జీవులెన్నియో చచ్చునని, హింస బొత్తిగా లేని బ్రతుకు లేదని, యత్నముచే దానిని తగ్గింపవచ్చునని అతడు తెలిపెను. వినుచున్న కౌశికుడో, తనపై రెట్టవేసిన కొంగను కోపముతో చూచి చంపినవాడు. కోపమున చంపుట వేరు. వేరు దారి లేక, బాధ్యత నెరిగి చంపుట వేరు.

కనుక ఉప్పు చల్లి, నత్త కరగి బాధపడుచుండగా చూచుట తగదు. ఒక్క దెబ్బతో ముగించి లోతుగా పూడ్చుట మేలు. మెటాల్డిహైడ్ గుళికలు కుక్కలకును, పక్షులకును గూడ ప్రాణాంతకములు. ఇట్టి ప్రమాదము వలననే బ్రిటన్‌లో 2022 నుండి ఆరుబయట వాటి వాడుకను నిషేధించిరి. చంపు పనిని మరియొక ప్రాణికి అప్పగించుటయు క్షేమము కాదు. ఈ పెద్ద నత్తను తినునను ఆశతో 1955లో హవాయి దీవులలో మరియొక మాంసాహార నత్తను విడిచిరి. అది చెట్లపై బ్రతుకు అచ్చటి నిరపరాధులైన నత్తలను తిని, కొన్ని జాతులు నశించుటకు కారణమైనది.

తెల్లవారకమునుపే లేచి, గోనెపట్టా ఎత్తి, తప్పనిసరియైన పనిని తానే చేసి, అంతకు మించి హింస జరుగకుండ కాపాడిన తోటమాలి పూవులో అహింస లేదనజాలము. అయితే తన పూవు నిష్కళంకమని గర్వించుటకు అతనికి అధికారము లేదు. ఈ రెండును ఎరిగి, తలవంచి సమర్పించిన పూవును స్వామి ప్రేమతో స్వీకరించునని విశ్వసింపవచ్చును.