మా మొహం ఎవరి ఆస్తి?

పాతబస్తీ కుర్రాళ్లిద్దరు సొంతంగా డాక్యుమెంటరీ తీస్తున్నారు. 2007 మే 18, జుమ్మా రోజు మక్కా మసీదులో పేలిన బాంబు, ఆ తర్వాత మా మొహల్లాల్లో జరిగిన అరెస్టులు. అప్పటి వార్తా దృశ్యాలు లేకుండా ఆ సినిమా లేదు. "భాయ్, మీరు అఖ్బార్ మనిషి. చానల్ వాళ్లతో ఒక మాట మాట్లాడరా?" అన్నారు.

మాట్లాడాం. రేట్ల కాయితం చేతికొచ్చింది. సెకనుకింత. ఇన్ని సెకన్లకు తక్కువ అమ్మరు. ఇన్నేళ్ల వరకే, ఈ దేశం వరకే. టీవీకొక ధర, పండుగల్లో చూపడానికొక ధర. కుర్రాళ్ల దగ్గరున్నదంతా చందాల డబ్బు.

మాకు మండింది. మా మయ్యత్‌లను, మా బిడ్డల మొహాల మీది నల్లగుడ్డలను రోజుల తరబడి తిప్పి తిప్పి చూపించి, ఇప్పుడు మళ్లీ మాకే అమ్ముతారా?

అయితే మేమూ రాతకూలీలమే. ఊరికే ఇమ్మనడానికి నోరెలా వస్తుంది? 1992 డిసెంబర్ 6న అయోధ్యలో విలేకరులను కొట్టారు, కెమెరాలు పగలగొట్టారు. అలాంటి చోట నిలబడి తీసినవాడికి దక్కాల్సిందే. కానీ దక్కేది వాడికి కాదు. వేరే ఒప్పందం లేకపోతే ఉద్యోగి తీసింది యజమానిదే అంటుంది 1957 నాటి కాపీరైట్ చట్టం. అదే చట్టం 52వ సెక్షన్‌లో విమర్శకూ, వర్తమాన వార్తలకూ న్యాయంగా వాడుకునే వీలుంది. ఆ వీలు తేల్చుకోవాలంటే కోర్టుకెళ్లాలి. వకీలు ఫీజు ముందు సెకను రేటే నయం.

అమెరికా నల్లవాళ్ల హక్కుల పోరాటం మీద 1987లో 'ఐస్ ఆన్ ద ప్రైజ్' వచ్చింది. దృశ్యాలకు పుచ్చుకున్న అనుమతులు కొన్నేళ్లవే. గడువు తీరాక టీవీలో వేయడానికి లేదు, కొత్తగా అమ్మడానికి లేదు. విరాళాలతో మళ్లీ అనుమతులు కొని 2006లో తెరమీదకు తెచ్చారు. తమ చరిత్రలో తామే కిరాయిదారులు!

ఇదంతా లెక్కలేసుకుంటుంటే, ఆ దృశ్యంలో ఉన్న మనిషే వచ్చి కూర్చున్నాడు. ఇప్పుడతనికి గడ్డం నెరిసింది. కోర్టు నిర్దోషి అని ఎప్పుడో వదిలేసింది. నమూనా టేపు చూశాడు. "మొహానికి గుడ్డ కప్పినా అమ్మీ నా చెప్పులు చూసి గుర్తుపట్టింది" అన్నాడు. కాసేపాగి అడిగాడు: "చానల్‌ను అడిగారు, ధర మాట్లాడారు. నన్నెవరైనా అడిగారా?"

మాకు తల కొట్టేసినట్టయింది. లైసెన్సు కాయితంలో అతనికొక గడి లేదు, నిజమే. మా మనసులో మాత్రం ఉందా? ఆ వారం పోలీసులు చెప్పిందే రాసి, 'అనుమానితులు' అనాల్సిన చోట ఇంకో మాట వాడినవాళ్లలో మేమూ ఉన్నాం. ఆ కట్టింగ్ ఇంకా మా బీరువాలోనే ఉంది.

"నన్ను వదిలిన రోజు ఒక్క కెమెరా రాలేదు భాయ్. అది ఎక్కడ కొంటారు?" అన్నాడతను.

కుర్రాళ్లు పదకొండు సెకన్లు కొన్నారు. సినిమాలో ఇంకా అతికించలేదు. ముందు అమ్మీకి చూపించి, ఆమె సరేనంటేనే అన్నాడు. ఆమెకు కంటి ఆపరేషన్ అయింది, కట్టు విప్పేదాకా ఆగమన్నాం.