చెరువు గట్టున తాబేలు

ఊరి చెరువులో తాబేలును దగ్గరగా ఫొటో తీయాలంటే ఖరీదైన కెమెరా కన్నా ముందు బట్టలకు మట్టి అంటినా ఫర్వాలేదనుకునే మనసుండాలి. నిలబడి తీస్తే ఫొటోలో డిప్ప ఒక్కటే మిగులుతుంది. నేలకు ఆనుకుని, దాని కంటి ఎత్తున కెమెరా పెడితే ముఖం కనబడుతుంది.

తాబేలుకు ఒంట్లో వేడి పుట్టదు, ఎండ కాచుకోవాల్సిందే. అందుకే కాస్త పొద్దెక్కాక వెళ్లండి. అడుగుల అదురు తగిలినా, మన నీడ పడినా బుడుంగున మునిగిపోతుంది. పోనీండి! పీల్చేది గాలే కదా, ముక్కు పైకి తేక తప్పదు. కదలకుండా కూర్చోండి.

మన చెరువుల్లో కనబడే మెత్తడిప్ప తాబేలుకు అడుగున, వెనకవైపు రెండు చర్మపు రేకలుంటాయి. కాళ్లు లోపలికి లాక్కోగానే అవి తలుపుల్లా మూసుకుంటాయి. చూద్దామని మాత్రం ఎత్తకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టుకోవడమూ, పెంచుకోవడమూ నేరం. అదృష్టమంటూ తొట్లో పెట్టుకునేవాళ్లకి ఈ మాట రుచించదు లెండి.

బ్రెడ్డు ముక్కలు ఎర వేయకండి, ఫ్లాష్ ఆపేయండి. నడివేసవిలో చెరువెండితే ఇది బురదలో దూరి ఉంటుంది. వానలు పడి నీళ్లు నిండాక వెళ్లండి.